శాసనంలో ‘కాకతీయ రుద్రదేవ మహారాజులు’ అని ఉంటే అది ఏ రుద్రుడు?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ ఊరి శివాలయం ముందున్న రాతి మీద "కాకతీయ రుద్రదేవ మహారాజులు పృథివీరాజ్యంబు సేయుచుండంగాను" అన్న ముక్క చదవగలిగారు. శకవర్షంలో మొదటి రెండు అంకెలు 11 అని తెలుస్తున్నాయి, తర్వాతి రెండూ పెచ్చు లేచిపోయాయి. సంవత్సరం పేరు ‘ప్రజోత్పత్తి’లా ఉంది. గుడి దగ్గర బోర్డు మీదేమో ప్రతాపరుద్రుడు కట్టించాడని రాశారు. ఈ రుద్రదేవుడు ఎవరు, అసలు ఒకే పేరు ఇంతమందికి ఎందుకుంది అన్నవి మీ రెండు సందేహాలు.

మీరు చదివిన సంవత్సరం పేరు సరైనదే అయితే, మీ రాతి మీది రుద్రదేవ మహారాజు రుద్రమదేవి. శకవర్షం 1193, అంటే 1271-72. ప్రతాపరుద్రుడు గద్దెనెక్కింది 1289లో, కాబట్టి బోర్డు మీది మాట నిలవదు. ఎలా తేలిందో చెబుతాను. ఇదే లెక్క ఇంకో రాతికైనా మీరే వేసుకోవచ్చు.

ముందు ఈ పేరున్న వాళ్లెవరో చూద్దాం. మొదటివాడు రెండో ప్రోలరాజు కొడుకు రుద్రదేవుడు, 1158 నుంచి 1195 దాకా (శక 1080–1117). హనుమకొండ వేయిస్తంభాల గుడి ఆయనదే. రెండో రుద్రదేవ మహారాజు గణపతిదేవుని కూతురు రుద్రమదేవి, 1262 నుంచి 1289 దాకా (శక 1184–1211). మూడోవాడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు, 1289 నుంచి 1323లో ఓరుగల్లు పతనం దాకా (శక 1211–1245). ఆయన్ను శాసనాల్లో ప్రతాపరుద్రదేవ మహారాజు అనీ, ఒక్కోచోట ఉత్త రుద్రదేవ మహారాజు అనీ, అమ్మమ్మ బతికున్న రోజుల్లో కుమార రుద్రదేవుడు అనీ రాశారు. వీళ్లు కాక ఒడిశా గజపతి ప్రతాపరుద్రదేవుడున్నాడు, 1497 నుంచి 1540 దాకా. ఆయనకూ కాకతీయులకూ సంబంధం లేదు, కానీ కోస్తా ఊళ్లలో ఆయన పేరుతోనూ శాసనాలు దొరుకుతాయి.

పుస్తకాల్లో కనిపించే ‘మొదటి ప్రతాపరుద్రుడు’, ‘రెండో ప్రతాపరుద్రుడు’ అన్న అంకెలు ఇప్పటి చరిత్రకారులు తమ వీలు కోసం పెట్టుకున్నవి. రాతి మీద అవి ఉండవు. ఒక పుస్తకం 1158 నాటి రుద్రదేవుణ్ని మొదటి ప్రతాపరుద్రుడంటుంది, ఇంకోటి ఆయన్ను ఉత్త రుద్రదేవుడని చెప్పి 1289 వాణ్ని ఒక్కణ్నే ప్రతాపరుద్రుడంటుంది. ఈ రెండు పద్ధతులూ కలిపి ఎవరైనా బోర్డు రాస్తే 130 ఏళ్ల తేడా వచ్చి పడుతుంది. అందుకే నోట్సు రాసుకునేటప్పుడు పేరు పక్కన అంకె వెయ్యొద్దు, పాలించిన ఏళ్లు వెయ్యండి.

ఇప్పుడు లెక్క. శకవర్షానికి 12 కలిపి 60తో భాగించండి. శేషమే సంవత్సరం వరుస సంఖ్య. ప్రభవ 1, విభవ 2, అలా అక్షయ దాకా 60 (శేషం సున్నా వస్తే అక్షయ). తేదీ గట్టిగా తెలిసిన శాసనాల మీద ఇది వేసి చూడండి. వేయిస్తంభాల గుడి శాసనం శక 1084: 1084కు 12 కలిపితే 1096, శేషం 16, చిత్రభాను. రాతి మీద ఉన్నదీ చిత్రభానే. పాలంపేట (రామప్ప గుడి) శాసనం శక 1135: 1147, శేషం 7, శ్రీముఖ. చందుపట్ల శాసనం శక 1211: 1223, శేషం 23, విరోధి. మూడూ సరిపోయాయి.

మీది ప్రజోత్పత్తి, వరుసలో 5. శేషం 5 వచ్చే శకవర్షాలు 60 ఏళ్లకొకటి: 1073, 1133, 1193, 1253. ఇందులో 11తో మొదలయ్యేవి 1133, 1193 రెండే. శక 1133 అంటే 1211, గణపతిదేవుడు ఏలుతున్న కాలం, అప్పుడు రుద్రదేవ మహారాజు రాజ్యం చేస్తున్నాడని ఎవరూ రాయరు. మిగిలింది 1193. అసలు మీకు ఆ 11 కనబడకపోయినా ఇదే తేలేది. ఎందుకంటే మొదటి రుద్రదేవుని ఏలుబడిలో గానీ, ప్రతాపరుద్రుని ఏలుబడిలో గానీ ప్రజోత్పత్తి సంవత్సరమే రాలేదు. ముగ్గురిలో ఆ ఏడాది చూసింది రుద్రమదేవి ఒక్కతే.

శకానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, అది అందరికీ తెలిసిందే. కానీ పుష్యం, మాఘం, ఫాల్గుణం దగ్గర చాలామంది తప్పు చేస్తారు. తెలుగు ఏడాది ఉగాదికి మారుతుంది, ఇంగ్లీషు ఏడాది నడి చలికాలంలో మారుతుంది. వేయిస్తంభాల గుడి శాసనంలో తిథి మాఘ శుద్ధ త్రయోదశి. 1084కు 78 కలిపి 1162 అనేస్తే తప్పు, అప్పటికి జనవరి దాటింది. అది 1163 జనవరి 19, శనివారం. మీ రాతి మీద మాఘమో ఫాల్గుణమో ఉంటే 1272 అని రాసుకోవాలి.

ఇంకో చిక్కు. అప్పుడప్పుడు శకవర్షం, సంవత్సరం పేరు రెండూ స్పష్టంగా ఉండి కూడా శేషం ఒకటి ఎక్కువ వస్తుంది. రాసినవాడు గడిచిన ఏళ్లు కాకుండా నడుస్తున్న ఏడును లెక్కపెట్టాడని అర్థం. అలాంటప్పుడు సంవత్సరం పేరునే నమ్మండి. శకాన్ని పంచాంగం చూసి అంకెల్లో వేస్తారు, అక్కడ పొరపాటుకు తావుంది. సంవత్సరం పేరు ఊళ్లో అందరి నోటా ఉండేది, అది తప్పడం అరుదు. శకం అంకెల్లో కాక మాటల్లో ఉంటే కుడి నుంచి ఎడమకు చదవాలి: వేద, వసు, గగన, ఇందు అంటే 4, 8, 0, 1 (వేదాలు నాలుగు, వసువులు ఎనిమిది, ఆకాశం శూన్యం, చంద్రుడు ఒక్కడు). తిప్పి చదివితే 1084.

మీ కేసులో అసలు ప్రమాదం ‘ప్ర’ తర్వాతి అక్షరం దగ్గరుంది. ‘ప్ర’తో మొదలయ్యే సంవత్సరాలు ఐదున్నాయి: ప్రభవ 1, ప్రమోదూత 4, ప్రజోత్పత్తి 5, ప్రమాది 13, ప్రమాదీచ 47. ప్రభవ అయితే శక 1189, ప్రమోదూత అయితే 1192, ఈ రెండింట్లోనూ జవాబు రుద్రమదేవే. ప్రమాది అయితే 11తో మొదలయ్యేది 1141 ఒక్కటే, అది గణపతిదేవుని కాలం, రాజు పేరుతో పొసగదు. కానీ ప్రమాదీచ అయితే శక 1115 వస్తుంది, అంటే 1193, మొదటి రుద్రదేవుడు. ఒక్క అక్షరంతో జవాబు 78 ఏళ్లు వెనక్కి పోతుంది.

కాబట్టి రాయి దగ్గరికి మళ్లీ వెళ్లి ఇది చూడండి. ‘ప్రజోత్పత్తి’లో ‘ప్ర’ దాటాక పంక్తి కింద రెండు ఒత్తులుంటాయి, ‘త్ప’ కింద పావత్తు, ‘త్తి’ కింద తావత్తు. పై అక్షరాలు అరిగినా, కింది ఒత్తులు ఒక్కోసారి మిగులుతాయి. ‘ప్రమాదీచ’లో ‘ప్ర’ తర్వాత కింద ఏమీ ఉండదు. ఒత్తులు కనిపిస్తే ఇక సందేహం లేదు. కనిపించకపోతే వెంటనే ప్రమాదీచ అనుకోవద్దు. కొన్ని శాసనాల్లో ప్రజోత్పత్తినే ‘ప్రజాపతి’ అని రాశారు, అందులోనూ ఒత్తులుండవు. అప్పుడు రెండో అక్షరం ‘జా’నా ‘మా’నా, నాలుగోది ‘తి’నా ‘చ’నా అన్నది తేల్చుకోవాలి. ఇలా తడబెట్టే జంటలు ఇంకా ఉన్నాయి: విరోధి 23, విరోధికృత్ 45. క్రోధి 38, క్రోధన 59. విళంబి 32, హేవిళంబి 31. రాయి అంచు విరిగి మాట సగంలో ఆగిపోయిన చోట ఈ జంటలో రెండోదాన్ని కూడా లెక్కేసి చూడండి.

చదవడానికి మంచి వేళ రాత్రి. టార్చిలైటు రాతికి దాదాపు ఆనించి, వెలుగు అక్షరాల మీదుగా పక్కనుంచి జారేట్టు పట్టుకోవాలి. ఎదురుగా వేస్తే గాట్లన్నీ చదునైపోతాయి. ఎడమ, కుడి, పైన, కింద, నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫొటో తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టండి. నిలువు గీతలు పక్క వెలుగులో, అడ్డగీతలు పై వెలుగులో తేలతాయి కాబట్టి ఒక్క ఫొటోతో సరిపెట్టుకుంటే సగం అక్షరమే చదువుతారు. దుమ్ము మెత్తటి కుంచెతో తుడవండి, మంచినీళ్లు చాలు. పసుపు, సున్నం, నూనె పూయకండి, ఇనప బ్రష్షు అసలు తాకించకండి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దొద్దు. మనం ఊహించిన అక్షరాన్నే రాతి మీద గీసినట్టవుతుంది, తర్వాత వచ్చినవాడు రాయిని వదిలేసి మన ఊహను చదువుతాడు. తడి కాగితం అంటించి, బ్రష్షుతో తట్టి, సిరా అద్ది అచ్చు తీసే పద్ధతి ఉంది కానీ అది చెయ్యి తిరిగినవాళ్ల పని. పురావస్తు శాఖవాళ్లను అడగండి. రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా తాకనే కూడదు.

తిథి, వారం కూడా చదవగలిగితే తిరుగులేని సాక్ష్యం దొరికినట్టే. పాత తేదీలకు పంచాంగం చూపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. శక 1115కూ 1193కూ అదే తిథికి ఏ వారం వస్తుందో చూసి రాతితో పోల్చండి. ఒక రోజు తేడా వస్తే కంగారు వద్దు, తిథి సూర్యోదయానికి ఉందా లేదా అన్నదాన్ని బట్టి అలా జరుగుతుంది. రెండు రోజులో అంతకన్నా ఎక్కువో తేడా వస్తే ఎక్కడో తప్పు చదివారు. శాసనాల్లో శనివారాన్ని ‘వడ్డవారము’ అంటారు, అది వడ్డీ లెక్కేమో అనుకుని వదిలేయకండి.

ఇక బిరుదుల సంగతి. చాలామంది ముందు వీటినే పట్టుకుంటారు, నేనైతే చిట్టచివర చూడమంటాను. ‘మహామండలేశ్వర’, ‘అనుమకొండ పురవరాధీశ్వర’, ‘చలమర్తిగండ’ వంటివి వంశంలో తాత నుంచి మనవడికి దిగివచ్చిన బిరుదులు. గణపతిదేవుని నాటికే రాజధాని ఓరుగల్లుకు మారినా బిరుదులో హనుమకొండ అలాగే ఉండిపోయింది. కాబట్టి ‘అనుమకొండ’ అని ఉంది గనక ఇది 1163 నాటి రుద్రుడు అనడానికి వీల్లేదు. లిపి కూడా ఇక్కడ పెద్దగా సాయపడదు. 12వ శతాబ్దపు రాతినీ 16వ శతాబ్దపు రాతినీ లిపి వేరు చేస్తుంది గానీ, 1275నీ 1295నీ వేరు చేయలేదు.

‘మహారాజులు’ అని ఉంటే ఆడమనిషి ఎలా అవుతుందని మీకు అనిపించి ఉంటుంది. ఇక్కడ మన భాషే అడ్డుపడింది. ‘మహారాజులు’లోని ‘లు’ గౌరవానికి వేసింది, అది ఆడా మగా చెప్పదు. ‘సేయుచుండంగాను’ అన్న క్రియ కూడా అంతే. ‘చేశాడు’, ‘చేసింది’ అని ముగించి ఉంటే తెలిసిపోయేది, శాసనం ఎప్పుడూ అక్కడిదాకా రాదు. కాబట్టి వాక్యం ఎంత చదివినా రుద్రమ బయటపడదు. ఆమె ఆడపిల్ల అని తెలిసేది బంధుత్వం చెప్పిన చోట. 1261 నాటి మల్కాపురం శాసనంలో ఆమె గణపతిదేవుని కూతురిగా కనిపిస్తుంది. తండ్రి మందడం ఇస్తే తాను వెలగపూడి దానమిచ్చింది. 1289 నవంబరు 27 నాటి చందుపట్ల శాసనంలో రుద్రమదేవి అన్న పేరే ఉంది. ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు భూమి ఇచ్చాడని అందులో ఉంది. మార్కోపోలో ఆమెను చనిపోయిన రాజు భార్య అని రాశాడు. బంధుత్వం విని రాసుకునేవాళ్లు ఎంత తేలిగ్గా పొరబడతారో దీన్ని బట్టి చూడండి.

రెండు అంచుల దగ్గర జాగ్రత్త. 1260 ప్రాంతంలో తండ్రీ కూతుళ్లిద్దరూ పాలనలో ఉన్నారు, అప్పుడు ఏ పేరైనా రావచ్చు. విరోధి సంవత్సరంలో, అంటే శక 1211లో, రుద్రమ పోయి ప్రతాపరుద్రుడు వచ్చాడు. ఆ ఏడాది రాతి మీద నెల చూడకుండా ఎవరి పేరూ చెప్పకూడదు.

రాజు వేరు, దాత వేరు. ఇది మీ బోర్డు సమస్యకు నేరుగా తగులుతుంది. ‘ఫలానా మహారాజులు రాజ్యం సేయుచుండగా’ అన్నది ఆ రోజుల్లో తేదీ వేసే పద్ధతి. అసలు దానం చేసినవాడి పేరు తర్వాతి పంక్తుల్లో వస్తుంది. చాలా రాళ్లు గుడి కట్టినందుకు కాదు, ఉన్న గుడిలో దీపానికో నైవేద్యానికో భూమి ఇచ్చినందుకు వేయించినవి. ‘ప్రతిష్ఠ సేసి’, ‘గుడి కట్టించి’ లాంటి మాట ఉందో లేదో వెతకండి. లేకపోతే మీ శాసనం చెప్పేది ఒక్కటే: 1271 నాటికి గుడి ఉంది. ఎప్పుడు కట్టారో చెప్పదు.

ఇందుకు మంచి ఉదాహరణ రుద్రేశ్వరాలయాలు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో రుద్రేశ్వరుణ్ని ప్రతిష్ఠించింది రాజు రుద్రదేవుడు, 1163లో. పాలంపేట రామప్ప గుడిలో దేవుడూ రుద్రేశ్వరుడే, 2021లో యునెస్కో జాబితాకెక్కింది కూడా రుద్రేశ్వరాలయం అన్న పేరుతోనే. కానీ అక్కడి రుద్రుడు రాజు కాదు, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు, శాసనం తేదీ 1213 మార్చి 31, ఆదివారం. రెండు గుళ్లు, ఒకే దేవుడి పేరు, యాభై ఏళ్ల ఎడం, ఇద్దరు వేర్వేరు రుద్రులు. రామప్పను రుద్రమదేవి కట్టించిందని చెప్పేవాళ్లు ఈ పేరు దగ్గరే జారిపడుతున్నారు.

గజపతి సంగతి కొంచెమే చెబుతాను, మీ రాతి మీద ‘కాకతీయ’ ఉంది గనక మీకు అక్కర్లేదు. సింహాచలం, కొండవీడు వైపు ‘ప్రతాపరుద్ర’ అని కనబడితే ముందు ఆయన్నే అనుమానించండి, శ్రీకృష్ణదేవరాయలు ఓడించిన ప్రతాపరుద్రుడు ఆయనే. ‘గజపతి’, ‘గౌడేశ్వర’ అన్న మాటలు ఆనవాలు. అరిగిన రాతి మీద ‘గజపతి’, ‘గణపతి’ ఒకేలా కనిపిస్తాయి, అది గుర్తుంచుకోండి. ఆ రాజుల ఏలుబడి ఏళ్లు ‘అంకం’లో వేస్తారు. అందులో 1, 6, 16, 26 వంటివీ, 10 తప్ప సున్నాతో ముగిసేవీ లెక్కలోకి రావు. కాబట్టి 17వ అంకం అంటే నిజానికి 14వ ఏడు, 25వ అంకం అంటే 21వ ఏడు.

ఒకే పేరు ఇంతమందికి ఎందుకన్న రెండో ప్రశ్నకు జవాబు మన ఇళ్లలోనే ఉంది: తాత పేరు మనవడికి పెట్టడం. కాకతీయుల్లో బేతరాజు, ప్రోలరాజు, మళ్లీ బేతరాజు, మళ్లీ ప్రోలరాజు. రుద్రమ పేరు ఆమె పెదతాత రుద్రదేవుని పేరే, ఆమె పేరు మనవడు ప్రతాపరుద్రునికి వచ్చింది. మహాదేవులు కూడా ముగ్గురు తగులుతారు: గణపతిదేవుని తండ్రి, రుద్రమ అల్లుడు, ఆమెతో యుద్ధం చేసిన దేవగిరి యాదవరాజు. తల్లి వైపు తాత పేరైనా అంతే. రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడి తల్లి కుందవ, తంజావూరు రాజరాజ చోళుని కూతురు. నరేంద్రుడు రాజేంద్ర చోళుని కూతురు అమ్మంగదేవిని పెళ్లాడాడు, వాళ్ల కొడుకు పేరు రాజేంద్రుడు. తర్వాత చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడైంది అతనే.

వేంగి చాళుక్యుల్లో ఇంకా చిక్కు, విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అన్న రెండు పేర్లే తిరుగుతుంటాయి. కానీ వాళ్ల రాగిరేకుల్లో ఒక మేలుంది. ఎవరు ఎన్నాళ్లు ఏలారో వరుసగా రాస్తారు: కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, ఇంద్ర భట్టారకుడు 7 రోజులు, గుణగ విజయాదిత్యుడు 44 ఏళ్లు, కొల్లభిగండ విజయాదిత్యుడు 6 నెలలు. అక్కడ పేరు చూడకుండా ఏళ్ల సంఖ్య చూస్తే మనిషి దొరుకుతాడు.

మీరు చేయాల్సింది ఇంక రెండు పనులే. సంవత్సరం పేరున్న పంక్తిని పక్క వెలుగులో నాలుగు ఫొటోలు తీసి ‘ప్ర’ తర్వాతి ఒత్తులు తేల్చుకోండి. ‘సేయుచుండంగాను’ తర్వాత వచ్చే నాలుగైదు పంక్తులు ఎంత వస్తే అంత, రాని చోట చుక్కలు పెట్టి, రాసి పెట్టండి. దాత పేరు అక్కడే ఉంటుంది. బోర్డు మార్చమని అర్జీ పెట్టేది అది చూశాకే.